ఆపిలు చెట్ల వంశనిర్ణయము

చెట్టునకు పేరు మనము పెట్టినదే గాని, అది తన పేరును తాను చెప్పుకొనదు. అంట్లతోటలో మొక్కను కొను రైతు అమ్మువాని మాటను, మొక్కకు కట్టిన చీటిని నమ్మి పైకము చెల్లించి, గొయ్యి త్రవ్వి నాటి, కంచె వేసి, నీరు పోసి, నాలుగైదేండ్లు కాచుకొని, తొలికాపు చూచిన పిదప గాని తాను కొన్నది బంగినపల్లియో మరియొకటియో యెరుగజాలడు. అప్పటికి చీటి చివికిపోయి యుండును. అమ్మినవాడు దొరకడు, దొరికినను దోషము నేలదనియో యెరువుదనియో చెప్పును. మన సభ్యులలో తోటలు గలవారికి ఈ కష్టమును విప్పి చెప్పనక్కరలేదు. ఇట్టి సందేహమును కాపునకు పూర్వమే, లేత ఆకును బట్టి తీర్చు మార్గము నేడు కలదు. దానిని జన్యుచిహ్నముల పరీక్షయనియు, మార్కర్ల పరీక్షయనియు వ్యవహరింతురు. అది యెట్లు నడచును, దానివలన తెలియునది యెంత, తెలియనిది యెంత అను సంగతులను ఈ మాసపు పాఠముగా వ్రాయుచున్నాము.

మామిడిని గాక ఆపిలును ఉదాహరణముగా గైకొనుటకు కారణము కలదు. ఈ విధమైన పరిశోధన ఆపిలుపై జరిగినంత విస్తారముగా బహుకొద్ది ఫలవృక్షములపై మాత్రమే జరిగినది. ఆపిలులో అడవిజాతి యేది, తోటజాతి యేది, దేనికి ఏది తల్లి అను వివాదము రెండువందల యేండ్లకు పైగా నడచి, గడచిన పాతిక సంవత్సరములలో చాలవరకు తేలినది. ఆ తీర్పు వచ్చిన విధమును గ్రహించినవారు మామిడికైనను, నిమ్మకైనను, ద్రాక్షకైనను అదే తర్కమును తామే అన్వయించుకొనగలరు.

గింజయు అంటును

ఆపిలు పువ్వు తన చెట్టు పుప్పొడిని గ్రహింపదు. అదే రకమునకు చెందిన ప్రక్కచెట్టు పుప్పొడిని సైతము గ్రహింపదు. తోటయంతయు ఒకే రకమైనచో పూత విరగబూసినను పిందె నిలుచుట కష్టము. కావుననే ఆపిలు పండించు రైతులు వరుసల నడుమ వేరు రకపు చెట్లను పుప్పొడి కొరకు నాటి, తేనెటీగల పెట్టెలను తెచ్చి పెట్టుదురు. దీనివలన కలుగు ఫలితమేమనగా, ప్రతి గింజకును తల్లి యొక రకము, తండ్రి వేరొక రకము. ఒకే పండులోని అయిదు గింజలను నాటినచో అయిదు విధములైన చెట్లు మొలచును. అందు నాలుగు పుల్లని చిన్నకాయలు కాయుటయే సామాన్యము. మంచి రకమును నిలుపుకొనవలెనన్న అంటుకట్టుట తప్ప వేరు గతి లేదు.

ఇందుండి మిగుల ముఖ్యమైన విషయ మొకటి బయలుపడుచున్నది. అంటు మొక్క బిడ్డ కాదు, తల్లిచెట్టు కొమ్మయే. గోల్డెన్ డెలిషస్ అను పసుపురంగు ఆపిలు అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రపు క్లే కౌంటీలో తానై మొలచిన యొకే యొక చెట్టు. 1914లో ఒక అంట్ల వర్తక సంస్థ దానిని కొని, దాని కొమ్మలను దేశదేశములకు పంపినది. నేడు ఏ ఖండమున గోల్డెన్ డెలిషస్ తోట యున్నను అది యా యొక్క చెట్టు కొమ్మల సమూహమే. అయోవా రాష్ట్రమున జెస్సీ హయత్ అను రైతు తోటలో దొరికిన రెడ్ డెలిషస్ కథయు నిట్టిదే. వరుసలో లేదని ఆయన దానిని నరికివేయగా మరల చిగిర్చెనని చెప్పుదురు. ఆ కొమ్మలనే శామ్యూల్ స్టోక్సు, తరువాతి పేరున సత్యానంద స్టోక్సు, 1916 ప్రాంతమున హిమాచల ప్రాంతపు కోట్‌గఢ్‌నకు తెప్పించి నాటించెను. సిమ్లా కొండల ఆపిలు వ్యాపారమునకు అదియే నాంది.

ఒకే చెట్టు కొమ్మలగుటచేత ఒక రకపు చెట్లన్నిటియందును జన్యుద్రవ్యము, అనగా డి.ఎన్.ఏ., ఒక్కటియే. వేరు రకమున వేరు. కాబట్టి దానిని చదువగలిగినచో చెట్టునకు వేలిముద్ర తీసినట్లే. మన సంఘములలో ఋణపత్రముపై వేలిముద్ర వేయించుట యందరు నెరిగినదే. 1858లో వంగదేశములో విలియం హెర్షెల్ అను అధికారి ఒక గుత్తదారుని అరచేతి గుర్తును ఒప్పందపు కాగితముపై తొలిసారి వేయించెను. మనుష్యుని ముఖము వయస్సుతో మారును, వేలిగుర్తు మారదు. చెట్టు విషయమునను అంతే. కాయ పరిమాణము నేలనుబట్టి, రంగు ఎండనుబట్టి, ఎత్తు వేరుమొక్కనుబట్టి మారుచుండును, డి.ఎన్.ఏ. మారదు.

పూర్వపు శాస్త్రజ్ఞులు ఈ మారెడి లక్షణములనే నమ్ముకొనవలసి వచ్చినది. 1753లో లిన్నేయసు ఆపిలును బేరికాయ కుటుంబములోనే చేర్చి పేరు పెట్టెను. 1803లో బోర్ఖౌసెన్ తోట ఆపిలుకు మాలస్ డొమెస్టికా అను పేరిచ్చెను. తరువాతివారు ఆకు అంచు, ఆకు వెనుకటి నూగు, కాయ అడుగున ముచ్చిక నిలుచుట లేక రాలుట మొదలగు గుర్తులను బట్టి జాతులను విభజించుచు వచ్చిరి. ఆపిలు జాతులు పాతికయని కొందరు, ఏబదికి మించినవని కొందరు లెక్కించిరి. సులభముగా సంకరమగు వృక్షములందు ఇట్టి భేదాభిప్రాయము తప్పదు. తాతకు నూగు ఉండి తండ్రికి లేక, మనుమనికి మరల వచ్చినచో ఆకును చూచువాడు ఏమి చేయును?

చిహ్నమనగా నేమి

ఇక మార్కరు విషయమును విప్పి చెప్పెదము. ఆపిలు కణమున 17 జతల క్రోమోజోములు గలవు. ప్రతి జతలో ఒకటి తల్లినుండి, మరియొకటి తండ్రినుండి వచ్చినవి. వానియందు డి.ఎన్.ఏ. అను దీర్ఘమైన పోగు కలదు. నాలుగే అక్షరములతో వ్రాసిన గ్రంథమువంటిది యది. ఆపిలునందు ఆ గ్రంథము సుమారు 65 కోట్ల అక్షరముల పొడవు గలది. దానినంతయు చదువుట ఇప్పుడు సాధ్యమే గాని, చెట్టును గుర్తించుటకు అంత పని యక్కరలేదు. ఊరిలో ఒకని గుర్తుపట్టుటకు వాని జీవితచరిత్ర చదువము గదా.

ఆ గ్రంథమున అక్కడక్కడ రెండు మూడక్షరములు పదేపదే వచ్చు తావులు గలవు. పిల్లవాడు పలకమీద ఒకే గుణింతమును మరల మరల వ్రాసినట్లుండును. వీనిని మైక్రోసాటిలైటు లందురు. మనము పునరుక్తిస్థానములని చెప్పుకొందము. ఒక రకపు చెట్టునందు ఒక స్థానమున ఆ జంట యక్షరములు 12 మారులు వచ్చినచో, వేరొక రకమున 15 మారులు, ఇంకొకదానియందు 21 మారులు రావచ్చును. ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి, ఆ చిన్న తావును మాత్రమే యంత్రములో కోట్లకొలది ప్రతులుగా పెంచి, దాని పొడవును కొలిచినచో ఎన్ని మారులు వచ్చెనో తేలును. తల్లి భాగమొకటి, తండ్రి భాగమొకటి గావున ప్రతి స్థానమున రెండంకెలు వచ్చును. అవి యా చెట్టుకు ఆ తావున గల గుర్తు.

ఒక లెక్క వేసి చూతము. ఈ యంకెలు కేవలము బోధపడుటకై మేము కల్పించినవి. ఒక పిల్లచెట్టునకు ఒక స్థానమున 12, 18 అని వచ్చినది. దాని తల్లియని చెప్పబడిన చెట్టునకు 12, 15 వచ్చినవి. తండ్రియని చెప్పబడినదానికి 14, 16 వచ్చినవి. పిల్లలోని 12 తల్లినుండి వచ్చియుండవచ్చును. 18 ఎక్కడినుండి వచ్చినది? తల్లియందు లేదు, తండ్రియందును లేదు. కావున ఆ తండ్రి తండ్రి కాడు. ఒక్క స్థానమును బట్టి తీర్పు చెప్పుట తగదు. అరుదుగా ఆ తావుననే మార్పు కలుగవచ్చును, లేదా ఒక భాగము యంత్రమునకు కనబడక పోవచ్చును. రెండు మూడు స్థానములలో ఇట్లే తప్పినచో ఇక సందేహము లేదు. రెండు చెట్లు ఒకే రకమా కాదా యనుట ఇంతకంటె సులభము. సంబంధము లేని రెండు చెట్లకు ఒక స్థానమున రెండంకెలును కలియుట పదింట ఒకసారి జరుగుననుకొన్నను, 12 స్థానములలో కలియుట లక్షకోట్లలో ఒక మారు.

కొన్ని చెట్లకు ఒక్కొక్క స్థానమున రెండు గాక మూడంకెలు వచ్చును. ఇంగ్లండున వంటకు వాడు బ్రామ్లీ ఆపిలు ఇట్టిది. దానియందు క్రోమోజోములు జతలుగా గాక మూడేసి చొప్పున నుండును. ఇది శాస్త్రజ్ఞుని వినోదము మాత్రమే కాదు. ఇట్టి చెట్టు పుప్పొడి ఇతర చెట్లకు పిందె పట్టించుటకు పనికిరాదు. ఒక రైతు బ్రామ్లీతో పాటు మరియొక రకమును మాత్రమే నాటినచో, ఆ రెండవది బ్రామ్లీకి పుప్పొడి నిచ్చును గాని తనకిచ్చువారు లేక గొడ్డుగా నిలుచును. మూడవ రకమొకటి నాటక తప్పదు. ఈ సంగతిని కాపు లేక నష్టపోయిన పిదప తెలిసికొనుటకంటె ఆకుపరీక్షతో ముందే తెలిసికొనుట మేలు గదా.

ఇప్పుడు పునరుక్తిస్థానములతో పాటు మరియొక విధమైన చిహ్నమును వాడుచున్నారు. గ్రంథములో ఒకే యొక యక్షరము రకమునుబట్టి మారు తావులవి. ఒక్కొక్కటి విడిగా చెప్పునది స్వల్పము. కాని వేలకొలది తావులను ఒకేసారి చదువు పలకలు 2012 తరువాత ఆపిలుకు తయారైనవి. గోల్డెన్ డెలిషస్ యొక్క పూర్తి డి.ఎన్.ఏ. పాఠమును ఇటలీ శాస్త్రజ్ఞుల యాధ్వర్యమున 2010లో ప్రకటించిరి. 2017లో దానికంటె శుద్ధమైన ప్రతి వెలువడినది. ఈ రెండును ఆ పలకల పనికి మిక్కిలి తోడ్పడినవి.

చీటీలో నొకటి, ఆకులో నొకటి

అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయము వారు 1991లో హనీక్రిస్ప్ అను రకమును రైతులకు విడుదల చేసిరి. కరకరలాడు కండ, రసము, చలిని తట్టుకొను శక్తి గలిగి అది గొప్ప పేరు పొందినది. తల్లిదండ్రులు మెకౌన్, హనీగోల్డ్ అను రకములని దస్తావేజులలో వ్రాయబడియుండెను. తరువాత ఆకులను పరీక్షింపగా ఆ రెంటిలో ఏదియు కాదని తేలినది. ఒకవైపు కీప్‌సేక్ అను రకమని తెలిసినది. రెండవవైపు చాలకాలము దొరకలేదు. 2017లో గాని అది యా విశ్వవిద్యాలయమువారే పెంచి, రైతులకు విడుదల చేయక విడిచిన యొక చెట్టని తేలలేదు. దాని పూర్వులలో గోల్డెన్ డెలిషస్, డచెస్ ఆఫ్ ఓల్డెన్‌బర్గ్ అను పాత రకములు గలవు.

ఇందులో ఆ విద్యాలయమును తప్పుపట్టుటకు మేము వ్రాయుట లేదు. వేల మొక్కలు పెంచుచోట, పదులకొలది యేండ్ల పని నడచుచోట, ఒక చీటి మారుట వింత కాదు. తమ దస్తావేజును తామే పరీక్షించి తప్పును ప్రకటించుకొన్నవారు మెచ్చదగినవారు. కాని పర్యవసానమును చూడవలెను. హనీక్రిస్ప్ వంటి కరకరలాడు కండ మరల కావలెనని మెకౌనును తల్లిగా పెట్టి సంకరము చేసినవాని శ్రమ యేమగును? ఆపిలు గింజ మొలచి కాపునకు వచ్చుటకు అయిదారేండ్లైనను పట్టును. రెండు తరముల సంకరమునకు ఒక మనుష్యుని యుద్యోగకాలములో సగము గడచిపోవును. అటులైనచో ప్రయోగశాలలలోనే యింత పొరపాటు సాధ్యమైనప్పుడు, బజారు ప్రక్కన గోనెపట్ట క్రింద అమ్మెడి అంట్ల మాట చెప్పనేల?

పుట్టినిల్లు, మెట్టినిల్లు

ఇక అడవి ఆపిలుల విషయమునకు వత్తము. తోట ఆపిలునకు బంధువులని చెప్పదగిన అడవిజాతులు నాలుగు ముఖ్యమైనవి. మధ్య ఆసియాలో కజకస్తాన్, కిర్గిజ్‌స్తాన్, చైనా దేశపు సింకియాంగు ప్రాంతములను ఒరసికొనియున్న తియాన్‌షాన్ పర్వతములలో మాలస్ సీవర్సై అను జాతి కలదు. కాకసస్ కొండలలో మాలస్ ఓరియెంటాలిస్. ఐరోపా అడవులలో మాలస్ సిల్వెస్ట్రిస్. సైబీరియా మొదలు మన హిమాలయముల వరకు మాలస్ బక్కాటా. ఈ కడపటిదాని కాయ రేగుపండంత యుండును. ఐరోపాది కొంచెము పెద్దదే గాని నోట పెట్టరాని వగరు. సీవర్సై మాత్రము చిత్రమైనది. ఒకే కొండచరియలో ఒక చెట్టు కాయ ఉసిరికాయంత, ప్రక్క చెట్టు కాయ అంగడిలో అమ్మదగినంత. ఒకటి చేదు, ఒకటి తేనె. ఒకటి పచ్చన, ఒకటి ఎర్రన.

18వ శతాబ్దపు చివర యోహాన్ సీవర్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు రష్యా ప్రభుత్వపు పనిపై తిరుగుచు ఆ ప్రాంతమున ఈ చెట్లను చూచెను. జాతికి ఆయన పేరే నిలిచినది. 1929లో నికొలాయ్ వావిలోవ్ ఆల్మా-ఆతా నగరమునకు వచ్చి, చుట్టునున్న కొండలనిండ అడవి ఆపిలులను చూచి, తోట ఆపిలు పుట్టినచోటు ఇదియేయని తలంచెను. కజకు భాషలో ఆల్మా యనగా ఆపిలే. పైరుల జన్మస్థానములను వెదకుచు దేశములు తిరిగి, లోకమునకు ఆహారము సమకూర్చు గింజల నిధిని కూడబెట్టిన ఆ మహాశాస్త్రజ్ఞుడు 1940లో బంధింపబడి, 1943లో సరాతోవ్ కారాగారమున ఆహారము లేక కృశించి మరణించెను. ఆయన తలంపును నిలిపినవారిలో ఐమాక్ జంగలియేవ్ ముఖ్యుడు. ఆయన తన జీవితమంతయు కజకస్తాన్ అడవి ఆపిలులను పరిశీలించుటయందే గడపెను. 1989 మొదలు 1996 వరకు అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖవారు ఆయన సాయముతో ఆ కొండలకు పలుమారు వెళ్లి, గింజలను, కొమ్మలను తెచ్చి న్యూయార్కు రాష్ట్రమున జెనీవా అను ఊరి తోటలో పెంచిరి.

ఇదంతయు కంటితో చూచి చేసిన యూహ. డి.ఎన్.ఏ. సాక్ష్యము తరువాత వచ్చినది. ఆక్స్‌ఫర్డులో బారీ జునిపర్, ఆయన సహచరులు 2001, 2002 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో తోట ఆపిలు తియాన్‌షాన్ జాతికి దగ్గరిదని వాదించిరి. ఎలుగుబంట్లు పెద్ద తియ్యని కాయలను ఏరి తిని గింజలను వెదజల్లుటచేత మనుష్యుడు రాకపూర్వమే కాయ పెద్దదయ్యెననియు, గుర్రములు, బండ్లబాటలు వానిని పడమటికి చేర్చెననియు జునిపర్ చెప్పెను. యుక్తియుక్తమైన మాటయే, కాని ఎలుగుబంటి సాక్ష్యము చెప్పదు గదా.

2006లో బెల్జియము శాస్త్రజ్ఞులు వేరొక సంగతి బయటపెట్టిరి. ఆకుపచ్చదనమునకు కారణమైన హరితరేణువులకు తమ సొంత డి.ఎన్.ఏ. కొంచెము కలదు. మనకు ఇంటిపేరు తండ్రినుండి వచ్చినట్లు, ఆపిలునందు ఈ రేణువుల డి.ఎన్.ఏ. తల్లినుండి మాత్రమే వచ్చును. దానిని పోల్చి చూడగా ఐరోపాలోని తోట ఆపిలులకును అచ్చటి అడవి ఆపిలులకును విడదీయరాని సంబంధము కనబడినది. తండ్రి తోటచెట్టై, తల్లి యడవిచెట్టైన గింజలు మొలచి, వానిలో మంచివానిని రైతులు ఏరుకొన్నప్పుడు ఇట్లగును. అయినను 2010లో గోల్డెన్ డెలిషస్ పాఠమును ప్రకటించినవారు సీవర్సైయే మూలమని నొక్కి చెప్పిరి. మరుసటి యేటనే మరికొందరు సంకరమును లెక్కలోనికి సరిగా తీసికొనలేదని ఆక్షేపించిరి.

వివాదమును విప్పినది 2012లో వచ్చిన పరిశోధన. ఫ్రాన్సునందలి అమాందీన్ కోర్నీల్, ఆమె సహచరులు చైనా మొదలు స్పెయిను వరకు గల తోటజాతి, పైన చెప్పిన నాలుగు అడవిజాతులు కలిసి 839 చెట్ల ఆకులను తీసికొని, 26 పునరుక్తిస్థానములను చదివిరి. ఇట్టి పనిలో పద్ధతి యిది. చెట్ల పేర్లను గణితమునకు చెప్పరు. ఏయే యంకెలు ఏయే చెట్లలో కలిసి వచ్చుచున్నవో చూచి, యంత్రమే వానిని గుంపులుగా విడదీయును. ఆ పిమ్మట ఒక్కొక్క చెట్టు ఏ గుంపునుండి ఎన్ని వంతులు పొందినదో చెప్పును. నాలుగు బావుల నీరు కలిసిన తొట్టిలో ఏ బావి నీరెంతయో ఉప్పును, సున్నమును బట్టి చెప్పినట్లు.

తేలినదేమనగా, తోట ఆపిలు సీవర్సైనుండి పుట్టినమాట నిజము. కాని పడమటికి సాగిపోవుచు దారిలోను, ముఖ్యముగా ఐరోపా చేరిన పిదపను, అక్కడి వగరు అడవి ఆపిలుతో మిక్కిలిగా కలిసినది. ఎంతగా ననగా, నేటి తోట ఆపిలు మొత్తముమీద కన్నతల్లి సీవర్సైకంటె ఐరోపా జాతికే దగ్గరగా కనబడుచున్నది. పుట్టినిల్లు తియాన్‌షాన్, మెట్టినిల్లు ఐరోపా. కాపురము చేసినకొలది మెట్టినింటి పోలికలే యెక్కువైనవి. 2017లో చైనా, అమెరికా శాస్త్రజ్ఞులు 117 చెట్ల పూర్తి పాఠములను చదివి దీనిని స్థిరపరచిరి. సీవర్సైలోనే కజకస్తాన్ వైపు చెట్లు తోట ఆపిలునకు మూలమనియు, సింకియాంగు వైపువి విడిగా నిలిచిపోయినవనియు అందులో తేలినది.

ఈ ఫలితము చూచినప్పుడు 'అడవిది' 'తోటది' అను విభజనయే మనము అనుకొన్నంత గట్టిగోడ కాదని మా యభిప్రాయము. పొలము గట్టు దాటి పుప్పొడి రెండువైపులకును పోవును. అడవి గుణము తోటకు వచ్చుట లాభము. తోట పుప్పొడి అడవికి పోవుట ఐరోపాలో ఇప్పుడొక యాపదగా నున్నది. అక్కడి అడవులలో కాయ చూచి అడవి ఆపిలు అనుకొన్న చెట్లలో అనేకములు సగపాలో పాతికపాలో తోటరక్తము గలవని మార్కర్లు చూపినవి. అడవి జాతిని కాపాడుటకై గింజలు ఏరువారు ముందు ఆకుపరీక్ష చేయించి, శుద్ధమైన చెట్టును నిర్ణయించుకొనవలసి వచ్చుచున్నది. తియాన్‌షాన్‌లోనో, నగరములు పెరుగుటచేతను, పశువులు మేయుటచేతను, సీవర్సై అడవులు మిక్కిలి తరిగిపోయినవి. ఆ జాతిని ఆపదలో నున్నవానిలో చేర్చిరి.

అడవిది పోయినచో తోటకు నష్టమేమని యడుగువారికి మచ్చతెగులు కథ చాలును. ఆకులపైన, కాయలపైన నల్లని గరుకు మచ్చలు కలిగించు ఈ శిలీంధ్రపు తెగులు 1973లో కాశ్మీరమున, 1983లో హిమాచలప్రదేశమున తోటలను పాడుచేసినది. తోటరకములలో దానికి లొంగనివి యరుదు. లొంగనిది అందమునకు పెంచు మాలస్ ఫ్లోరిబండా అను చిన్నకాయల చెట్టొకటి. అమెరికాలో ఇల్లినాయ్ నందు 1914లో దానితో సంకరము చేసిరి. తెగులు తగులని గుణమును విడువక, కాయ పెద్దదగువరకు తరము వెంట తరము తోటరకములతో కలిపి, 1970లో ప్రైమా అను రకమును విడుదల చేయగలిగిరి. ఇంచుమించు అరువదేండ్లు! నేడు ఆ గుణమును పట్టి చూపు మార్కరు ఉన్నది. మొలకకు రెండాకులు రాగానే పరీక్షించి, గుణము లేనివానిని పెరికివేయవచ్చును.

అంతకు మించిన ప్రయోజన మొకటి కలదు. ఆ ఒక్క గుణమును నమ్మిన తోటలలో 1990 ప్రాంతమునుండి ఐరోపాలో తెగులు దానిని దాటి రాజొచ్చినది. కాబట్టి రెండు మూడు వేర్వేరు అడవిచెట్ల గుణములను ఒకే రకమున కూర్చవలెను. కాని ఒక గుణము గల మొలకయు, మూడు గల మొలకయు తెగులును నిలుపుటలో కంటికి ఒక్కరీతిగనే యుండును. ఏది యేదియో మార్కరు తప్ప వేరేదియు చెప్పజాలదు. ఇంకొక సంగతి: నేడు అంగళ్లకు వచ్చు క్రొత్త రకములలో చాలవాని వంశము గోల్డెన్ డెలిషస్, రెడ్ డెలిషస్, జోనథాన్, మెకింటోష్, కాక్స్ అను కొద్ది చెట్లవద్దకే చేరుచున్నది. మేనరికములు మితిమీరిన కుటుంబమువంటిదే యిది.

పరీక్ష చెప్పలేనివి

ఈ పరీక్షను సర్వజ్ఞమని యెంచరాదు. ఒక్కొక్కప్పుడు చెట్టులో ఒక కొమ్మ మాత్రమే మారి, మిక్కిలి యెర్రని కాయలనో, కురచ కణుపులనో పుట్టించును. ఆ కొమ్మను అంటుకట్టి క్రొత్త పేరున అమ్ముదురు. రెడ్ డెలిషసునుండి స్టార్కింగ్, స్టార్‌క్రిమ్సన్ మొదలగునవి ఇట్లే వచ్చినవి. 12 స్థానముల పరీక్షలో ఇవన్నియు ఒక్కటిగానే కనబడును. వీని భేదము తోటలో స్పష్టము, ప్రయోగశాలలో అస్పష్టము. మరియు పరీక్ష అంకెలను మాత్రమే ఇచ్చును, పేరును ఇయ్యదు. పేరు తెలియవలెనన్న, నిస్సందేహముగా ఫలాని రకమని నిర్ణయింపబడిన మూలవృక్షముల అంకెల పట్టిక ముందే యుండవలెను. ఇంగ్లండున కెంట్ జిల్లాలో బ్రాగ్డేల్ అను చోట రెండువేలకు పైగా ఆపిలు రకముల తోటను ఇందుకై నిలిపియున్నారు. అచ్చటి పాత యిండ్ల పెరళ్లలో పేరు మరచిన చెట్లు గలవారు ఆకులు పంపి పేరు తెలిసికొనుచున్నారు.

మన ప్రాంతమునకు ఆపిలు పూర్తిగా పరాయిది కాదు. కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలమున ఒక రైతు హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల ప్రోత్సాహముతో పెంచిన చెట్లు 2020లో కాచినవి. చలి యెక్కువ కోరని అన్నా, హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 మొదలగు రకముల అంట్లను ఉత్సాహవంతులు దూరప్రాంతములనుండి తెప్పించుకొనుచున్నారు. సామాన్యపు ఆపిలు రకములకు వేయి గంటల కఠినమైన చలి కావలయును. చలి కోరని రకమని చెప్పి కోరుదానిని పంపినచో మన మండలములలో అది ఆకులతోనే బ్రతుకును. ఎకరమునకు చాలు మొక్కలు కొనువారు పైకము చెల్లించుటకు ముందు, తల్లిచెట్టు మూలమును, పరీక్షాపత్రమును అడుగుట న్యాయము.

మామిడియందు మన పని యింకను మిగిలియున్నది. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది; కాని బేనిషాన్, సఫేదా యను పేర్లతో చెలామణియగునది యదియే. ఒకే చెట్టునకు మూడు పేర్లు, ఒకే పేరు క్రింద మూడు చెట్లు మన తోటలలో తరచు కానవచ్చుచున్నవి. మల్లిక, ఆమ్రపాలి యను రకములనే చూడుడు. రెంటికిని తల్లిదండ్రులు నీలము, దశేరియే. మల్లికకు నీలము తల్లి, ఆమ్రపాలికి దశేరి తల్లి. తోబుట్టువులైనను గింజ వేరు గావున పునరుక్తిస్థానముల అంకెల కూర్పులో భేదము కనబడును. ఒకదానికి బదులు మరియొకదానిని నాటుట చిన్న పొరపాటు కాదు. ఆమ్రపాలి కురచచెట్టు, దగ్గరదగ్గరగా నాటదగినది. ఆ దూరమున మల్లికను నాటినచో కొమ్మలు ఒరసికొనును.

పరీక్షకు ఆకు పంపదలచినవారు క్రొత్తగా చిగిర్చిన లేత ఆకులనే తీయవలెను. ముదురాకులలో జిగురును వగరును ఎక్కువై డి.ఎన్.ఏ. సరిగా రాదు. అంటుకు క్రిందినుండి మొలచిన చిగుళ్లు వేరుమొక్కవి. వానిని పంపినచో వేరుమొక్క పేరే వచ్చును. కాబట్టి అతుకు పైభాగమునందలి కొమ్మనుండియే తీయవలెను. ఒక్కొక్క చెట్టు ఆకులను విడివిడి కాగితపు సంచులలో పెట్టి, చెట్టు అంకెను సంచిపై వ్రాసి, అదే యంకెను చెట్టునకు చెరగని సిరాతో వ్రాసిన రేకు కట్టి తెలుపవలయును. తడి తగులకుండ, నీటిని పీల్చు సిలికా గుళికలతో ఆరబెట్టి పంపినచో ఆకులు దారిలో చెడవు. ఆపిలునకైనను మామిడికైనను పద్ధతి యిదియే.